తాండూరు బండల పొడితో నేను చెప్పబోయిన పాఠం

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు ఆటపాఠాలు తయారుచేయడం నా పని. బొమ్మ వేస్తూనే సైన్సు కూడా తెలియాలని నా పట్టుదల. తాండూరులో బండలు కోసే చోట నీలం, పసుపు పొడి కుప్పలుగా పడి ఉంటుందని విన్నప్పుడు ఒక ఆలోచన తట్టింది. పిల్లలు ఆ పొడిని ఊదాలి, ఏది ఎంత దూరం ఎగురుతుందో చూడాలి, కాగితం మీద జిగురుకు అంటుకున్నదే బొమ్మ. ఇంట్లో ముగ్గుపిండితో పదిసార్లు చేసి చూసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

లింగంపల్లిలో ఉదయం ఏడింటి ప్యాసింజరు ఎక్కాను. వికారాబాద్‌లో ఆగినప్పుడు సీతాఫలాలు కొనుక్కుని, తొమ్మిదిన్నరకల్లా తాండూరులో దిగాను. బండలు కోసే చోట అడిగితే ఊరికే రెండు సంచులు నింపి ఇచ్చారు. బషీరాబాద్ వైపు షేర్ ఆటోకి ముప్పై రూపాయలు. నిండేదాకా కదలదు కాబట్టి అరగంట అదనంగా పెట్టుకోండి. డ్రైవరు సంచుల మూతులు గట్టిగా కట్టమన్నాడు. సీట్లు పాడవుతాయని కాబోలు అనుకున్నాను.

దారిలో ఒక పల్లెలో అంగన్‌వాడీ. టీచరు లక్ష్మిగారు పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఉంచారు. ఆశ్చర్యపరుద్దామని ఏం తెస్తున్నానో ఆవిడకు కూడా చెప్పలేదు, నా బుద్ధి గడ్డి తిని. పళ్లెంలో పొడి పోసి, కాగితం గొట్టంతో ఒకసారి ఊది చూపించాను. పిల్లలు నవ్వారు. అంజలి అనే నాలుగేళ్ల పాప మాత్రం గౌను ఎత్తి ముక్కు మూసుకుంది. తర్వాత లేచి, గొట్టం అందుకోబోతున్న పక్కపిల్ల నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఊదకు. ముక్కులకు పోతది. మా నాయిన గిట్లనే సచ్చిపోయిండు."

లక్ష్మిగారు గబగబా పళ్లెం మీద తడిగుడ్డ కప్పి, పిల్లల్ని బయటికి పంపారు. అంజలి తండ్రి ఏళ్ల తరబడి బండలు కోశాడట. దగ్గి దగ్గి మొన్నటి వానాకాలంలో పోయాడట. నా పుస్తకంలో ఈ పాఠం కింద 'పొడి గాలిలో తేలుతుందని పిల్లలు కనుగొంటారు' అని రాసి ఉంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పొడినంతా తడిపి, వెనకాల గుంట తీసి పూడ్చాం.

మధ్యాహ్నం పాపను తీసుకెళ్లడానికి వాళ్లమ్మ వచ్చింది. జరిగింది నేనే చెప్పి, క్షమించమన్నాను. ఆమె తిట్టినా బాగుండేది.

"నీకు ఎర్కలేదు గద మేడం. మాకు గూడ ఎర్కలేకుండె. ఆయన ఇంటికొస్తే బట్టలు నేనే దులుపుతుంటి, గీ పిల్లను సంకల ఎత్తుకొని."

సాయంత్రం రైల్లో వికారాబాద్ దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆ పాఠం కొట్టేశాను. పసిపిల్లలకు ఏమీ తెలియదని, మనమే మొదలుపెట్టాలని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇలాంటి ఊళ్లకు పాఠం పట్టుకుని వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. ఒకరోజు ముందే వెళ్లి, ఈ పిల్లల ఇళ్లలో ఎవరేం పని చేస్తారో, ఆ పని వాళ్లనేం చేసిందో టీచర్ని అడగండి. నేను అడగలేదు. అందుకే నాలుగేళ్ల పిల్ల లేచి తోటివాళ్ల నోళ్లు మూయాల్సి వచ్చింది.