సగం బాగైన కారు

సౌదీలో హాయిల్ ఊరి చివరి షెడ్లలో నేను కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసేవాణ్ణి. మా జగిత్యాల వైపువాడే ఒకడు ఇంజను మెకానిక్, నన్ను అన్నా అని పిలిచేవాడు. ఇద్దరం కలిసి ఒక గోధుమ పొలంలో పడి ఉన్న పాత అమెరికన్ కారు కొని నా పేరున రాయించాం. బాగుచేసి అమ్ముదామని ఆశ. సగం పనిలో ఉండగా సౌదీవాళ్ళనే పనిలో పెట్టుకోవాలని నితాఖత్ వచ్చింది, దాని వెనకే పరాయి దేశపు మనిషికింత అని లెవీ వచ్చింది. మా వీసాల యజమాని కఫీల్ ముందు వాణ్ణి ఇంటికి పంపేశాడు. తర్వాత నా వంతు. కాని పేరు మీద బండి ఉన్నంతకాలం దేశం విడిచిపోను ఎగ్జిట్ కొట్టరు. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు చూస్తే గడువు అయిపోవస్తోంది. అయిపోయాక పట్టుబడితే జైలే.

కొనేవాళ్ళు బాగానే వచ్చారు. బాడీ మెచ్చుకునేవారు, లోపల కూర్చునేవారు, కాసేపటికి చేతులు తుడుచుకుంటూ దిగిపోయేవారు. బేరమాడకుండా పోయే మనుషులను ఆ దేశంలో నేను మరెక్కడా చూడలేదు. లోపల చలిగా ఉందన్నాడొకడు, మండు వేసవి మధ్యాహ్నం. నాకు ఒళ్ళు మండింది.

చివరికి ఒక ముసలి సౌదీ వచ్చాడు. వైర్లు చూద్దామని స్టీరింగ్ కిందికి చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయాడు. నల్లదారంతో కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు. ఎండి నల్లబడ్డాయి.

"సిహర్" అన్నాడు.

అంటే చేతబడి. అక్కడ ఆ మాట మీద పడితే తల ఉండదు. మావాడే కట్టి ఉంటాడు, మా వైపు బండికి దిష్టి కట్టనివాడెవడు? వచ్చీరాని అరబీలో చెప్పాను.

"సిహర్ కాదు బాబా. నజర్ తగలకుండా మా ఫ్రెండ్ కట్టాడు."

ఆయన ఆ కట్టను బయటికి తీశాడు. షెడ్డులో నేల మీదే కూర్చుని, ఏవో చదువుతూ, ఊదుతూ ఒక్కో ముడీ విప్పాడు. ఆ తర్వాత కారెక్కి తీరిగ్గా కూర్చుని, తీసుకుంటానన్నాడు. కారు ఆయన పేరు మీదికి మారింది, నాకు ఎగ్జిట్ పడింది. ఆ సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ ఊపులోనే జగిత్యాలకు ఫోన్ చేసి వాణ్ణి తిట్టాను. "నిమ్మకాయ కట్టి చెప్పకుండ పోతివి గదరా. నా మెడ మీదికొచ్చింది."

"నేను కట్టలే అన్నా. బండి తెచ్చిన రోజే చూసిన, నువ్వే కట్టినవనుకున్న. అప్పుడు కాయ పచ్చిగనే ఉండె."

ఏళ్ళ తరబడి ఆ కారును ఎవరూ ముట్టలేదని మాకు అమ్మినవాడే అప్పట్లో చెప్పాడు. ముసలాయన ముడులు విప్పిన సంగతి వాడికి చెప్పాను.

"ముడులు ఏడ ఇప్పిండన్నా?" అని వాడు మెల్లగా అడిగాడు.

"షెడ్లనే."

"అయితే అండ్ల కట్టిపెట్టిందాన్ని ఆడనే ఇడిసిండన్నట్టు" అని వాడు ఫోన్ పెట్టేశాడు. నా ఫ్లైటుకు ఇంకా నాలుగు రోజులుంది. అంతవరకు నేను పడుకోవాల్సింది ఆ షెడ్డులోనే.