వడ్రంగి ఇంటి తలుపు

"నెట్టకురా, చెక్క చీలుతుంది," అన్నాడు వడ్రంగి లోపలినుంచి.

"తలుపు అంచు చిత్రిక పట్టి పలచన చేసుకోరాదా బావా? ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టుంది నీ సంగతి," అన్నాడు బావమరిది, తలుపు వదిలి కిటికీ దగ్గరికి వచ్చి.

వానలు పడితే ఆ తలుపు ఉబ్బి బిగుసుకుంటుంది. ఇరవయ్యారేళ్లు భార్య పలుగుతో కింది అంచు ఎత్తిపడితే, వడ్రంగి పిడి పట్టుకుని లాగేవాడు. ఆమె పోయిన నాలుగు నెలలకు మళ్లీ వానలొచ్చాయి. మూడు రోజులుగా ఆయన లోపలే ఉండిపోయాడు. బావమరిది కిటికీ ఊచల మధ్యనుంచి అన్నం పొట్లాలు అందిస్తున్నాడు.

"రేపు కూడా పనికి రాకపోతే కార్ఖానాలో నీ బల్ల ఇంకొకరికి ఇస్తానన్నాడు మేస్త్రీ."

"ఇవ్వనీ. ఈ తలుపు కూడా నాలాగే మొండిదని మీ అక్క ఏటా తిట్టేది. తను అడిగినన్నాళ్లూ చిత్రిక పట్టలేదు. ఇప్పుడు నున్నగా చేసి, ఒంటిచేత్తో తెరుచుకుని పనికి పోనా?"

కాసేపటికి లోపలినుంచి ఊచల మధ్యగా పలుగు బయటికి వచ్చింది.

"ఇవాళ్టికి పొద్దుపోయింది, ఇంటికెళ్లు. రేపు ఎనిమిదింటికి వచ్చి ఆవైపునుంచి ఎత్తు. ఎల్లుండి కూడా రావాలి మరి. వానలు తగ్గేదాకా రోజూ రారా."