ముప్పై ఎనిమిదో ఫోటో

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం చెప్తా, వినండి. నవ్వితే నవ్వండి గానీ, మా అక్క ముందర మాత్రం కెమెరా మాట ఎత్తకండి!

మా బావ కువైట్‌లో పని చేస్తాడు. బిడ్డ జ్ఞానస్నానానికి సెలవు మీద వస్తూ జపాన్ ఎస్ఎల్ఆర్ కెమెరా ఒకటి తెచ్చాడు. అబ్బ, ఏం కెమెరా! కంటికి ఆనించి లెన్స్ రింగు తిప్పితే, మసకమసకగా ఉన్న మా అమ్మ మొహం మెల్లగా తేటపడి కనురెప్పల వెంట్రుకలు కూడా కనిపించాయి. బటన్ నొక్కితే 'టచక్'! ఆ చప్పుడు కోసమే రోజంతా నొక్కాలనిపించింది.

"శుక్రవారం నేను పోతాన. బిడ్డ ఫోటోలు నా వెంబడి తీస్కపోవాలె. స్టూడియో కాకను పిలుద్దామా?" అన్నాడు బావ.

"ఇసొంటి కెమెరా ఇంట్ల పెట్టుకోని స్టూడియో ఎందుకు బావా? నేన్లేనా!"

"రీలు ఎక్కించుడు వస్తదా?"

"గదేం బ్రహ్మవిద్యా!"

నిజానికి అంతకుముందు నేను రీలు డబ్బా కూడా ముట్టలేదు. అయినా ఎట్లాగో లోపల పెట్టి మూత వేశాను.

చర్చిలో ఫాదర్ పాప తల మీద నీళ్లు పోశాడు, టచక్. పాప కెవ్వుమంది, టచక్. పెద్దమ్మలు, చిన్నమ్మలు కొంగులు సర్దుకుని వరసకు నిలబడ్డారు. రీలుకు ముప్పై ఆరే ఫోటోలు, కెమెరా మీద నంబరు ముప్పై ఆరు దాటింది. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది!

"జపానోళ్లు జపానోళ్లే బావా! రెండు ఫోటోలు ఫ్రీగ ఇస్తాండ్రు!" అని చర్చి మెట్ల మీద అందరికీ వినపడేటట్టు అరిచాను.

రీలు తీయడం రాక కెమెరానే స్టూడియోకు పట్టుకుపోయాను. కాక చీకటి గదిలోకి పోయి రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు.

"తమ్మీ, నువ్వు రీలు జరిపినప్పుడల్లా ఎడమ దిక్కున్న ఈ పిడి తిరిగిందా?"

"లేదు కాకా."

"అయితే రీలు కొస చక్రానికి పట్టలే బిడ్డా. అది డబ్బాలనే ఉన్నది. నువ్వు కొట్టింది ఉత్త చప్పుడే." తర్వాత కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి, "కెమెరా మాత్రం బంగారం!" అన్నాడు.

ఇంటికొచ్చి సంగతి చెప్తే బావ పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన అనని మాటలన్నీ మా అక్క అన్నది.

బుధవారం అందరం అవే బట్టలు కట్టుకుని మళ్లీ చర్చికి పోయాం. "జ్ఞానస్నానం రెండోసారి ఇయ్యను గానీ ఫోటోకైతే నిలబడ్త" అని ఫాదర్ నవ్వాడు. కాక బావ కెమెరాలోనే కొత్త రీలు ఎక్కించాడు. నాకు చెయ్యి ఊరుకుంటుందా? "కాకా, ఫోకస్ జర నేను చూస్తా" అని రెండడుగులు వేశానో లేదో, అక్క పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"రెండు చేతుల్తోని పట్టుకో. కదిలినవంటే చూడు!"

గురువారం ఫోటోలొచ్చాయి. ఏం కెమెరా, ఎంత తేటగా వచ్చాయో! బావ పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాడు. చూసినవాళ్లంతా పాపను ఎత్తుకున్న నన్ను చూపించి, "మేనమామంటే గిట్లుండాలె!" అని మెచ్చుకుంటున్నారు. నా చేతులు కెమెరా దాకా పోకుండా పాపను అడ్డం పెట్టారని ఎవరికి చెప్పుకోను!