తవిటమ్మత్త తిరిగివ్వని మాస్కు

మా తవిటమ్మత్త జానెడు గుడ్డముక్కతో ఇన్‌స్పెక్షన్ జీపుని పలాస నుంచి కోటబొమ్మాళి దాకా తరిమింది. ఆవిడ కేకకి జీడి బట్టీ కప్పు రేకులు లేచిపోయి మూలపేట పోర్టు దగ్గర పడ్డాయి. నమ్మనోళ్ళు వెళ్ళి చూసుకోండి. నాకు పదో తరగతి లేదు గానీ కళ్ళున్నాయి.

పంతొమ్మిదేళ్ళు ఆ బట్టీలో జీడిపిక్కలు కాల్చింది అత్త. డ్రమ్ము తిరిగేకొద్దీ తొక్కలోని నూనె మండి, గొంతులో మిరపకాయ నూరినట్టు పొగ. ఆ పొగే దగ్గయింది. కూర్చున్నా దగ్గే, పడుకున్నా దగ్గే. కరోనా రోజుల్లో మాస్కు లేదని ఇదే మనిషి చేత నడిరోడ్డు మీద గుంజీలు తీయించారు. పొగలో నీ మాస్కేదే అని అడిగిన మొగోడు మాత్రం ఈ ఊళ్ళో పుట్టలేదు!

ఏడాదికోసారి తనిఖీకి ఆఫీసరొస్తాడు. ఆ పూట సూపర్‌వైజరు నారాయణరావు గోనెసంచి తెచ్చి తలో మాస్కు పంచుతాడు. ఫొటోలు తీస్తారు. జీపు గేటు దాటగానే అదే సంచి వెనక్కి తిరుగుతుంది. మాస్కులన్నీ అందులో వేసెయ్యాలి. మళ్ళీ ఏడాదికి కావాలి కదా! అది ఆడోళ్ళ మూతికి కట్టిన మాస్కు కాదండీ, బట్టీ మూతికి కట్టింది.

ఈసారి సంచి అత్త ముందుకొచ్చింది. అత్త మాస్కు తియ్యలేదు.

"ఓలె తవిటమ్మా, ఎయ్యి. టైమైపోతంది."

"ఎయ్యను."

"అది కంపినీదే!"

"మరి దగ్గెవులిది బాబూ?"

నారాయణరావు నవ్వాడు. "ఏటే, అంత అందమైన మొకమేటి, దాసుకుంతన్నావు?" అని లాగబోయాడు. అత్త ఆ చెయ్యి పట్టుకుంది. అత్తవి జీడినూనెకి నల్లగా కాలిపోయిన వేళ్ళు. వాడి నవ్వు అక్కడే చచ్చింది. పక్క డ్రమ్ము కుమారితో మొదలెట్టి నలభైమంది ఆడోళ్ళూ మాస్కులు బిగించుకున్నారు. అప్పుడు అత్త పెట్టిన కేకకే లేచాయి రేకులు!

ఇదంతా రాసి అత్తకి చదివి వినిపించాను. జీపుని తరిమిన చోటైనా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. దగ్గు ఆగేదాకా ఆగి అంది:

"రేకులేటీ లెగనేదు. ఎవులూ బిగించుకోనేదు. కుమారి ఇచ్చీసింది, దానికి పని కావాల. నాను ఇవ్వనన్నాను. మర్నాడు నన్ను గేటుకాడే ఆపీసినారు. అంతే."