మేకుల పోలీసు ఇంటి తలుపు

మా వీధిలో నా పేరు థోర్కిల్ అని పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. మిగతావాళ్లకి నేను మేకుల పోలీసుని.

మా వీధి తలుపు, దాని చట్రం ఓక్ కలపతో నేనే చేశాను. ఓక్‌లో వగరు ఎక్కువ. మామూలు ఇనుప మేకు కొట్టారా, మా డెన్మార్క్ వానకి మేకు కింద నల్లటి చార దిగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మేకులైతే ఆ గొడవ లేదు. ఈ ముక్క అడిగినవాళ్లకి చెప్పి ఊరుకోవచ్చు. నేను అడగనివాళ్లకీ చెప్పాను. ఎదురింటి ఎగోన్ తోటలో ఓక్ బల్ల మీద చారలుంటే, అతను కాఫీ తాగుతుండగానే కప్పు పక్కకి జరిపి, ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లు పూసి, ఆగి, కడిగి మరీ వచ్చాను. మచ్చలు పోయాయి. కాఫీకి పిలవడమూ పోయింది.

మా దగ్గర ఒక ఆచారం ఉంది: పెళ్లయి పాతికేళ్లయిన రోజు తెల్లారేసరికి ఇరుగుపొరుగు వచ్చి తలుపు చుట్టూ స్ప్రూస్ చెట్టు పచ్చ కొమ్మల తోరణం మేకులతో బిగించి, పాట పాడి దంపతుల్ని లేపాలి. దంపతులు ఏమీ ఎరగనట్టు పడుకోవాలి. నా భార్య ఇంగర్‌లీస్ ఈ వీధిలో అందరి తోరణాలకీ కొమ్మలు కట్టింది. తన తోరణం కోసం ఏడాదిగా ఎదురుచూస్తోంది. నేనేమో సిగ్గు లేకుండా ముందే ఇంటింటికీ వెళ్లి, నా తలుపుకి ఇనుము తగలకూడదని హెచ్చరించి వచ్చాను.

మా పాతికేళ్ల రోజు బాగా తెల్లారింది. తలుపు దగ్గర చప్పుడు లేదు.

“ఎవరూ రాలేదు,” అంది ఇంగర్‌లీస్.

“వస్తార్లే.”

“వాళ్లతో ఏమన్నావు?”

“ఏమీ లేదు. కాస్త మేకుల గురించి...”

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందని తెలిసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు పెరట్లోంచి పాట వినబడింది. ఇద్దరం రాత్రి బట్టలతోనే పరిగెత్తాం. వీధి వీధంతా అక్కడే ఉంది. ఇంత అందమైన తోరణం నేనెక్కడా చూడలేదు. కట్టింది మా కోళ్ల షెడ్డుకి. కోళ్లు దాని కింద నిలబడి మర్యాదలు అందుకుంటున్నాయి.

“ఏం చెయ్యమంటావయ్యా?” అన్నాడు ఎగోన్. “ఆ తలుపు ముట్టుకుంటే మమ్మల్ని బతకనిస్తావా? ఇది పైన్ చెక్క. నల్లబడదు. నువ్వు చెప్పిందే కదా!”

అందరూ నవ్వారు. ఇంగర్‌లీస్ నవ్వబోయింది గానీ, నవ్వు రాలేదు.

“విప్పండి. వీధి తలుపుకి కట్టండి,” అన్నాను.

“మా దగ్గరున్నవి ఇనుప మేకులే.”

“ఇనుపవే కొట్టండి.”

తోరణం మోసుకొచ్చి తలుపు చుట్టూ నిలబెట్టారు. కొట్టడానికి మాత్రం ఒక్కడూ ముందుకి రాలేదు. ఎగోన్ సుత్తి నా చేతికిచ్చాడు. మేకు ఓక్ మీద ఆనించాను. ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉండిపోయింది.

ఇంగర్‌లీస్ సుత్తి లాక్కుంది. ఒక్క దెబ్బకి మేకు సగం దిగింది.

“ఎన్నాళ్లనుంచో ఈ తలుపుకి ఒక్కటివ్వాలని ఉంది నాకు,” అంది.

తర్వాత ఇంకో మేకు అడిగింది. తోరణానికి నాలుగు మేకులు చాలు. ఎవరూ ఆ మాట అనలేదు, మేకుల పోలీసు అసలే అనలేదు.