పేరు పెట్టి పిలిచిన గొంతు

దయ్యాలు గియ్యాలు నేను నమ్మెటోన్ని కాదు. బేగంబజార్‌ల ఇత్తడి గిన్నెల దుకాన్ల కొలువు నాది. పొద్దంత టంగు టంగుమని ఒకటే లొల్లి. గింత లొల్లిల దయ్యం గూడ నిలవదని దోస్తులతోని నవ్వెటోన్ని. ఇప్పుడు నవ్వే ఓపిక లేదు. జరిగింది జరిగినట్టు చెప్త, మీరే చూస్కోండ్రి.

అప్పట్ల మేము మాదన్నపేటల ఉండేది. మాకున్న ఒక్క బిడ్డ అమ్మవారు పోసి పోయింది. గప్పటిసంది మా ఇంటామె నోరు తెరువలే. వండుతది, పెడ్తది, మాట మాత్రం లేదు. ఏడ్వను గూడ ఏడ్వలే. గిట్లనే ఎండి ఎండి ఈమె గూడ నాకు దక్కకుంట పోతదేమోనని మస్తు భయమయ్యేది.

అఫ్జల్‌గంజ్‌ల హకీం సాబ్ నాడి చూసిండు. "దవా ఏం లేదు భాయ్. ఈ షోర్ నుంచి, ఈ లొల్లి నుంచి దూరం తీస్కపో. పైదల్ నడిపియ్యి" అన్నడు.

జుమ్మా నాడు, అంటే శుక్రారం, దుకాన్ బంద్. అందరు గోలకొండకో, మీరాలం చెరువుకో పోతరు. ఆడ గూడ జనమే, మళ్ల లొల్లే. అందుకే మేము రొట్టెలు మూట గట్టుకొని సరూర్‌నగర్ దాటి, ఎవరెరుగని చిన్న చిన్న ఊళ్లకు నడిచేది. గుండ్లు, సీతాఫలం చెట్లు, కంజు పిట్టల కూతలు. ఎవరింటి ముందట నిలబడ్డా సల్ల పోసెటోళ్లు. కాళ్లు గుంజేది గని పానం నిమ్మళమయ్యేది. ఆమె మాత్రం మాట్లాడలే.

ఒక జుమ్మా నాడు, పట్టపగలు, ఒక ఊరి బయట సాపు బండ కనవడితే అలిసి కూలబడ్డం. నేను రొట్టె నోట్ల పెట్టుకున్న. అప్పుడు ఇనవడ్డది. మగ గొంతు. ఏడ్సి ఏడ్సి బొంగురు పోయిన గొంతు. ఆమెను పేరు పెట్టి మూడుసార్లు పిలిచింది.

మూడోసారికి మా ఇంటామె "ఆఁ" అన్నది. నా దిక్కు తిరిగి, "ఎందుకు పిలుస్తున్నవయ్యా?" అన్నది.

నా నోటి నిండ రొట్టె ఉండె. అయినా ఆలిని పేరు పెట్టి పిలిచే రివాజు మాకు లేకుండె. పెండ్లయినకాన్నుంచి "ఓయ్" అనే పిలిచేది. చుట్టూ చూసిన. నరమానవుడు లేడు.

లేచి నడుస్తుంటే ఒక గొర్లకాపరి ఎదురయిండు. "ఆ బండ కాడ కూసున్నరా అన్నా? అది దింపుడు కల్లం. పీనుగును కాటికి తీస్కపోంగ ఆడ దింపి, చెవుల మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తం. పానముంటే పలుకుతరని" అన్నడు.

మా ఇంటామె ఆ మాట ఇని తొవ్వల్నే కూలబడ్డది. బిడ్డ పేరు పట్టుకొని ఏడ్సింది. ఇంటిదాక ఏడ్సుకుంట, మాట్లాడుకుంట వచ్చింది. తెల్లారి అంగట్ల వంకాయలమ్మేటామెతోని కొట్లాడింది. నేను దేవునికి మొక్కిన.

"నువ్వే పిలిచినవ్. నీ గొంతు నాకు తెల్వదా?" అనేది. కాదంటే నవ్వేది.

మళ్ల పిల్లలు కాలే. ఓ పదేండ్లు ఇద్దరం అట్లనే ఊళ్లు పట్టుకొని తిరిగినం. తర్వాత ఆమె జరమొచ్చి సచ్చిపోయింది.

పురానాపూల్ కాటి దిక్కు తీస్కపోతుంటే నడుమల పాడె దింపిన్రు. కొడుకులు లేకపాయె, "నువ్వే పిలువు" అన్నరు. వంగి, ఆమె చెవి కాడ, పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి "చంద్రవ్వా" అన్న. ఏడ్సి ఏడ్సి గొంతు బొంగురు పోయి ఉండె. మళ్ల పిలిచిన. మూడోసారికి గుర్తువట్టిన. గదే గొంతు. ఆ బండ కాడ మేమిద్దరం ఇన్న గొంతు.

ఆమె పలుకలే. "జర ఆగుండ్రి" అని పాడె పట్టుకున్న. నన్ను భుజాలు పట్టి లేపిన్రు.

ఇది ఎట్లయిందో నాకు ఇప్పటికీ తెల్వదు. చదువుకున్నోళ్లు ఎవరన్న చెప్తే ఇంట. నాకు తెలిసింది ఒక్కటే. నేను పిలిస్తే ఆమె పలుకకుంట పోలే. పదేండ్ల ముందే "ఆఁ" అన్నది.