చెక్క డొప్ప నునుపు

ఆయన ముఖం మరిచిపోయాను, చెయ్యి గుర్తుంది. రామగుండం స్టేషన్‌లో నా పక్కన కూర్చుని, చిన్న చెక్క గిన్నెలాంటిదాన్ని నూనె గుడ్డతో రుద్దుతున్నాడు.

"ఏంది కాకా అది?"

"పాటలు వినే హెడ్‌ఫోన్ల డొప్ప, తమ్మీ. ఖరీదైనయి. చేత్తోనే నున్నగ చెయ్యాలె."

గుడ్డ పక్కన పెట్టి, చెయ్యి మర్లేసి, వేళ్ల వెనకవైపుతో డొప్పను నిమిరాడు.

"బొగ్గుబాయిల తట్ట మోసిన అరచేతులు. వీటికి నునుపు తెల్వది. పిల్లలు చిన్నగున్నప్పుడు వాళ్ల చెంపలు గూడ గిట్లనే ముట్టేటోన్ని, గీరుకపోతయని."

రైలొచ్చింది. ఆయన ముందు పెట్టె ఎక్కాడు.

మా నాన్నదీ బాయి పనే. డ్యూటీ దిగి రాగానే చెయ్యి తిప్పి నా చెంపకు ఆనించేవాడు. ఇన్నేళ్లూ, జ్వరం చూస్తున్నాడనుకున్నాను.